దువ్వాడ నుంచి విశాఖకు: స్టేషన్ల మధ్య సేవా పరుగు

మిత్రునితో కలిసి ఏదైనా సేవా సంస్థకు విరాళాల కోసం రైల్వే స్టేషన్ల మధ్య పరుగెత్తాలనుకునేవారు, తెల్లవారుజామున విశాఖపట్నంలో రైలెక్కి దువ్వాడలో దిగి, అక్కడి నుంచి సింహాచలం, మర్రిపాలెం స్టేషన్ల మీదుగా ఇంటి వైపు పరుగెత్తడం మేలు. ఎదురు దిశలో వెళితే అలసిపోయాక తిరుగు రైలు కోసం చెమట బట్టలతో పడిగాపులు పడాలి. అయితే ఈ దారి తూర్పుముఖం కనుక ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, టోపీ మరవకండి.

పట్టాల వెంట దారి దగ్గరే అనిపించినా అటు వెళ్లకూడదు, ఎందుకంటే 1989 నాటి రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ ప్రకారం అక్రమ ప్రవేశం శిక్షార్హమైన నేరం. స్టేషన్ బయటి బోర్డు దగ్గర ఫోటో తీసుకుంటే అక్కడిదాకా పరుగెత్తినట్టు సాక్ష్యానికి చాలు. సముద్రపు తేమ వల్ల ఇక్కడ చెమట త్వరగా ఆరదు కాబట్టి ఒట్టి నీళ్లు కాకుండా, ఉప్పు వేసిన నిమ్మరసమో ఓఆర్‌ఎస్‌ ద్రావణమో ఇద్దరూ చెరొక సీసా ఉంచుకోవాలి.

విరాళాలను నేరుగా సంస్థ ఖాతాకే పంపమనండి. 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి 80జి మినహాయింపు, అంటే విరాళాలపై ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు, వర్తించదు. పైగా స్నేహితుల మధ్య లెక్కల తగవూ ఉండదు.