అల్బినిజం ఉన్న పిల్లలకు చూపు వైకల్య ధ్రువపత్రం: దరఖాస్తు విధానం

వికలాంగుల హక్కుల చట్టం, 2016 జాబితాలో అల్బినిజం (చర్మం, జుట్టు, కళ్ళకు రంగునిచ్చే పదార్థం పుట్టుకతోనే లోపించడం) విడిగా లేదు. ధ్రువపత్రం కోసం మెడికల్ బోర్డు కొలిచేది చర్మం రంగు కాదు, చూపు. కాబట్టి యూడీఐడీ పోర్టల్‌లో (వికలాంగుల గుర్తింపు కార్డు, ధ్రువపత్రాల ప్రభుత్వ వెబ్‌సైట్) వైకల్యం రకం దగ్గర ‘లో విజన్’ (చూపు మందగింపు) ఎంచుకోవాలి. బాగున్న కంటిలోనూ చూపు 3/60 (మామూలు చూపుకు 60 మీటర్ల నుంచి కనిపించేది 3 మీటర్ల నుంచే కనిపించడం) కంటే తక్కువైతే అది అంధత్వం కిందకు వస్తుంది. ఆధార్, చిరునామా రుజువు, ఫోటో, కంటి డాక్టరు రిపోర్టు జతచేయండి. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు దాచుకోండి.

అసలు చిక్కు పరీక్ష రోజునే. వైకల్య శాతాన్ని అద్దాలు పెట్టుకున్నాక వచ్చే చూపును బట్టి లెక్కిస్తారు. రెండు కళ్ళూ 6/24 నుంచి 6/60 మధ్య ఉంటే 40 శాతం; రెండూ 6/18 చదివితే సున్నా. తేడా చార్టులో ఒక్క వరుస! అందుకే సరైన పవర్ అద్దాలు ముందే చేయించి, కొన్ని వారాలు అలవాటు చేసి తీసుకెళ్ళండి. పవర్ చూడటానికి కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ మందు వేస్తే దాని ప్రభావం వారం దాటి కూడా ఉండొచ్చు, వెలుగు ఇంకా భరించలేరు. ఆ పని పరీక్షకు ముందు వారాల్లో పెట్టుకోవద్దు.

ఈ పిల్లల్లో మెలనిన్ అనే ఆ రంగు పదార్థం లోపం వల్ల రెటీనా (కంటి వెనుక తెర) మధ్యభాగమైన ఫోవియా పూర్తిగా ఏర్పడదు. అందుకే అద్దాలతోనూ చూపు పూర్తిగా రాదు. చాలామందికి నిస్టాగ్మస్, అంటే కళ్ళు ఊగడం, ఉంటుంది. ఒక కన్ను మూస్తే ఆ ఊపు పెరిగి చూపు ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. మూత బదులు ఎక్కువ ప్లస్ పవర్ లెన్సుతో ఆ కంటిని మసకబార్చి చూడమని అడగండి. పిల్లవాడు తల పక్కకు తిప్పి చూస్తే సరిచేయకండి. కళ్ళు తక్కువగా ఊగే కోణం అదే. ఎదురుగా కిటికీ లేకుండా కూర్చోబెట్టమనండి.

‘పుస్తకం చదువుతున్నాడుగా’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్షరం పెద్దదవుతుంది, కళ్ళ ఊపూ తగ్గుతుంది. దూరపు చూపుకు అది రుజువు కాదు.

చిన్నవయసులో చూపు కొంత మెరుగవుతుంది కాబట్టి తాత్కాలిక ధ్రువపత్రం ఇవ్వొచ్చు. గడువు తేదీ చూసుకుని, ముందుగానే పునఃపరీక్షకు దరఖాస్తు చేయండి. శాతంపై అభ్యంతరం ఉంటే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. దానికి పాత అద్దాల చీటీలు, రెటీనా స్కాన్ కాపీలు పనికొస్తాయి.