పోయిన నటుణ్ని పాత్రల్లోంచి రాయడం – ఐదో పాఠం: ఇద్దరు పిసినార్లు

ముందు పోయిన పాఠం హోంవర్క్ సంగతి చూద్దాం. మీకు నచ్చిన నటుడి గురించి విశేషణం ఒక్కటి కూడా వాడకుండా పది వాక్యాలు రాయమన్నాను. కూర్చుని రాసినవాళ్లకి ఈపాటికి తెలిసే ఉంటుంది, మూడో వాక్యానికే చెయ్యి ఆగిపోతుంది. ‘అద్భుతంగా’, ‘సహజంగా’, ‘పాత్రలో జీవించారు’ అనే మాటలు లాగేసుకుంటే ఇక చెప్పడానికి ఏముంది అని టెన్షన్ మొదలవుతుంది. అలా అనిపించిందంటే హోంవర్క్ సరిగ్గానే చేశారన్నమాట. అక్కణ్నుంచే ఈ పాఠం మొదలు.

ఈసారి మన నమూనా కోట శ్రీనివాసరావు.

2025 జులై 13న కోట పోయారన్న వార్త చూసి నేనూ ఓ నివాళి రాశాను. అరగంటలో అయిపోయింది. సిగ్గు పడకుండా మీ ముందు పెడుతున్నాను:

“విలక్షణ నటుడు కోట శ్రీనివాసరావు ఇక లేరు. నాలుగు దశాబ్దాలకు పైగా సాగిన ప్రయాణంలో 750కి పైగా చిత్రాల్లో నటించారు. విలనీ, కామెడీ, సెంటిమెంట్ – ఏ పాత్ర ఇచ్చినా అందులో ఒదిగిపోయారు. ఆయన లేని లోటు తీర్చలేనిది.”

ఇందులో అబద్ధం ఒక్కటి లేదు. అయినా ఇది పనికిరాదు. ఎందుకో తెలుసుకోవాలంటే పేరు పరీక్ష పెట్టండి. కోట పేరు కొట్టేసి ఆ చోట ఇంకో నటుడి పేరు రాయండి. కైకాల సత్యనారాయణ పేరు రాస్తే అంకె కూడా మార్చక్కర్లేదు! ఏ పేరు పెట్టినా అతికే నివాళి ఎవరిదీ కాదు. నేనా రోజు దాన్ని ఎక్కడా పెట్టకుండా చెరిపేశాను. మళ్లీ రాయడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నేను చేసిన పనే మీకిప్పుడు నేర్పబోయేది.

మొదటి పని సినిమాల జాబితా చింపెయ్యడం. 750 సినిమాలున్న మనిషి గురించి రాయాలంటే ఎన్ని తీసుకోవాలి? పది అనుకుంటాం. పది తీసుకుంటే ఒక్కోదానికి ఒక వాక్యం దక్కుతుంది, మళ్లీ జాబితానే అవుతుంది. రెండు చాలు. అయితే ఆ రెండూ ఎలాంటివన్నదే కీలకం. బాగా తేడా ఉన్నవి, అంటే ఒక విలన్, ఒక కమెడియన్ తీసుకోవాలని అందరికీ తోస్తుంది. నాకూ మొదట అలాగే తోచింది. దానివల్ల తేలేది ‘ఎంత వైవిధ్యమో’ అన్న ఒక్క ముక్కే. దానికి బదులు ఒకే రకం మనిషి రెండు సినిమాల్లో, మధ్యలో చాలా ఏళ్ల తేడాతో వస్తే పట్టుకోండి. మనిషి రకం అదే కాబట్టి, తేడా ఎక్కడ కనిపించినా దాన్ని గట్టిగా పట్టుకోవచ్చు.

కోటలో నాకు దొరికింది పిసినారి. 1987లో జంధ్యాల తీసిన ‘అహ నా పెళ్ళంట’లో లక్ష్మీపతి. 2004లో చంద్రసిద్ధార్థ తీసిన ‘ఆ నలుగురు’లో కోటయ్య. మధ్యలో పదిహేడేళ్లు. ఇద్దరికీ డబ్బే ప్రాణం. ఇంకో తమాషా ఏంటంటే రెండింట్లోనూ ఎదురుగా ఉన్నది రాజేంద్రప్రసాదే. మొదటిదాంట్లో ఆయన ప్రేమించిన పిల్ల కోసం మామకంటే పెద్ద పిసినారిలా నటించే కుర్రాడు. రెండోదాంట్లో ఉన్నదంతా నలుగురికీ పంచి చనిపోయే రఘురాం. ఒకచోట పిసినారి ముందు నిలబడ్డది నకిలీ పిసినారి, ఇంకోచోట అసలైన దాత. ఇలాంటి జోడీ దొరికిందంటే సగం వ్యాసం రాసేసినట్టే.

ఇప్పుడు చూడటం. ‘అహ నా పెళ్ళంట’లో ఎవరినడిగినా చెప్పే సీన్ ఒకటుంది, లక్ష్మీపతి కోడిని వేలాడదీసి, దాన్ని చూసుకుంటూ అన్నం తినే సీన్. కోట పోయిన రోజు అందరూ దాన్నే తలుచుకున్నారు. అందరూ తలుచుకున్న సీన్ గురించి రాయకూడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. రాయండి, కానీ అందరూ చెప్పింది చెప్పకండి. అందరూ చెప్పేది కోడి గురించి. మీరు మనిషిని చూడండి.

టీవీ సౌండు పూర్తిగా తీసేయండి. నోట్‌బుక్‌లో క్రియాపదాలు మాత్రం రాసుకోండి. చూశాడు, కలిపాడు, పెట్టుకున్నాడు, నమిలాడు. ఒక్క విశేషణం కూడా రాకూడదు. చూపు కోడి మీదికి ముందు వెళ్తోందా, చెయ్యి ముద్ద దగ్గరికి ముందు వెళ్తోందా? కళ్లద్దాల్లోంచి చూస్తున్నాడా, పైనుంచా? నవ్వొచ్చే చోట ఆయన మొహంలో నవ్వు ఉందా? మూడుసార్లు చూడండి. మొదటిసారి మీరు నవ్వుతారు, ఏమీ రాయలేరు. పర్లేదు. రెండోసారికి సగం పేజీ నిండుతుంది. మూడోసారికి నాకు తట్టింది ఇది: లక్ష్మీపతి జోకు వెయ్యట్లేదు. కోడిని చూస్తూ తింటే కోడికూర తిన్నట్టే అన్నది అతనికి లెక్క. నిజంగా నమ్మిన లెక్క. మనల్ని నవ్విద్దామని కోట కంటి చివర్లో కాస్త చమత్కారం మెరిపించి ఉంటే ఆ సీన్ నలభై ఏళ్లు నిలిచేది కాదు.

అదే పద్ధతిలో ‘ఆ నలుగురు’ చూడండి. కోటయ్యకీ అదే లెక్క, డబ్బున్నవాడే మనిషని. రఘురాం చనిపోయాక ఆ ఇంటి ముందు పోగైన జనాన్ని చూసినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. జీవితమంతా కూడిక సరిచూసుకున్నవాడికి మొదటిసారి మొత్తం తేడా వస్తే మొహం ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. లక్ష్మీపతిని చూడకపోతే ఈ వాక్యం నాకు తట్టేది కాదు. కోట సినిమాల్లోకి రాకముందు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేశారని నాకు తెలుసు. ‘బ్యాంకు లెక్కల అనుభవం పిసినారి పాత్రల్లో పనికొచ్చింది’ అని రాద్దామని పెన్ను ఎత్తాను కూడా. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. ఆపేశాను. ఉద్యోగం చేశారన్నది నిజం, పనికొచ్చిందన్నది నా కల్పన. ఆ రెంటినీ ‘కాబట్టి’తో ముడేసే హక్కు మనకి లేదు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకోటుంది, చెప్పి తీరాలి. 2010లో కోట కొడుకు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ‘ఆ నలుగురు’లో చావు ఉంది, కన్నీళ్లున్నాయి. రాసేవాడికి చెయ్యి దురద పెడుతుంది, సొంత దుఃఖమే తెర మీదికి వచ్చిందని ఓ పేరా రాసెయ్యాలని. తేదీలు చూసుకోండి. సినిమా వచ్చింది 2004లో. ఆరేళ్ల తర్వాతి దుఃఖం ఆరేళ్ల ముందు కన్నీళ్లలోకి రాదు. నివాళి రాసేటప్పుడు ప్రతి సినిమా పక్కన సంవత్సరం వేసుకోమని మొదటి పాఠంలోనే చెప్పింది ఇందుకే.

ఇప్పుడో చిన్న వ్యాకరణం సంగతి. చిన్నదే గానీ మన భాషలో చాలా పని చేస్తుంది. మనిషిని ‘ఆయన’ అనండి, పాత్రని ‘అతను’ అనో ‘వాడు’ అనో అనండి. కోట వచ్చారు, లక్ష్మీపతి వచ్చాడు. “కోట కోడిని వేలాడదీసి తిన్నారు” అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది, అలా చేసింది ఆయన కాదుగా! వ్యాసం మొత్తం ఈ తేడా పాటిస్తే, ఎక్కడ నటుడు ఆగి పాత్ర మొదలైందో పాఠకుడికి మీరు వేరే చెప్పక్కర్లేదు. క్రియే చెప్పేస్తుంది. విలన్ని ‘గారు’ అని రాసిన నివాళులు నేను చదివాను. మర్యాద సరే, పాత్ర చచ్చిపోయింది.

చూడటం అయింది, ఇక వినడం. ఈసారి బొమ్మ వద్దు. ఫోను బోర్లా పెట్టి చెవులకి మాత్రం పని చెప్పండి. కోట విషయంలో ఇది తప్పదు, ఎందుకంటే ఆయనలో సగం నటన నోట్లోనే ఉంది.

ఆయన పుట్టింది 1942 జులై 10న, కృష్ణా జిల్లా కంకిపాడులో. నాటకాల మీదుగా 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెర మీదికి వచ్చారు. కానీ జనం గుర్తుపెట్టుకునేలా చేసింది 1985 నాటి ‘ప్రతిఘటన’. అందులో మంత్రి కాశయ్య మాట్లాడేది తెలంగాణ యాస. తర్వాత 1993లో ‘గాయం’ గురునారాయణ, 1998లో ‘గణేష్’లో ఆరోగ్య మంత్రి. ముగ్గురూ రాజకీయ నాయకులే, ముగ్గురిదీ తెలంగాణ మాటే. మూడూ వరసగా వినండి. కృష్ణా జిల్లా మనిషి ఇంకో ప్రాంతం మాటని ఎత్తుకుని దానిలోనే కోపం, వెటకారం, బెదిరింపు పలికించడం సామాన్యమైన పని కాదు. పదాలు మార్చితే యాస రాదు. ఎక్కడ సాగదియ్యాలి, ఎక్కడ తుంచాలి అన్నది చెవికి తెలిసి ఉండాలి. గురునారాయణ గట్టిగా అరిచినప్పటికంటే గొంతు దించినప్పుడు నాకెక్కువ భయమేసింది. ఇది నా లెక్క. మీరు విని మీ లెక్క రాసుకోండి.

నివాళిలో ఇక్కడితో ఆగిపోవచ్చు, చాలామంది ఆగిపోతారు. నా మటుకు ఇంకో వాక్యం రాయకపోతే అది సగం నిజం. తెలుగు సినిమా చాలా ఏళ్ల పాటు తెలంగాణ యాసని విలన్లకీ నవ్వుల పాత్రలకీ ఇచ్చి, హీరోకి మాత్రం వేరే తెలుగు ఇచ్చింది. తెలంగాణ పాఠకుడికి కాశయ్యా గురునారాయణా గుర్తొస్తే మెచ్చుకోలుతో పాటు ఒక ముల్లు కూడా గుచ్చుకుంటుంది. ఆ పాత్రలు రాసిందీ, యాస పంచిపెట్టిందీ నటుడు కాదు, అది నిజమే. కానీ ఆ పంపకాన్ని అంత బలంగా జనంలోకి తీసుకెళ్లింది ఆయన గొంతే. ఈ రెండూ రాయండి. చనిపోయినవారి గురించి ఇలా రాయొచ్చా అని సందేహపడకండి. ఆయన నటన ఎంత దూరం వెళ్లిందో చెబుతున్నారంతే. ఈ పేరా మీ వ్యాసంలో ఎక్కడ పెట్టాలంటే, మధ్యలో. చివర్లో పెడితే తీర్పులా ఉంటుంది, మొదట్లో పెడితే పేచీ పెట్టుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఇక జీవిత వివరాలు. తొమ్మిది నందులు, 2015లో పద్మశ్రీ, 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు ఎమ్మెల్యే. ఇవన్నీ ఒకే వాక్యంలో కుక్కెయ్యకండి, ఒక్కోటి అవసరమైన చోట వాడండి. ఉదాహరణకి, 1987లోనే వచ్చిన ‘మండలాధీశుడు’లో కోట అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ని పోలిన పాత్ర వేసి అభిమానుల కోపానికి గురయ్యారు. తెర మీద నాయకుడి వేషం కట్టినందుకు తిట్లు తిన్న మనిషి పన్నెండేళ్లకి నిజంగానే ఎమ్మెల్యే అయ్యారు. ఎమ్మెల్యే అన్న ముక్క ఇక్కడ పెడితే కథవుతుంది. పుట్టిన తేదీ పక్కన పెడితే బయోడేటా అవుతుంది. (గబ్బర్‌సింగ్‌లో ‘మందుబాబులం’ పాడింది కోటే అన్నది నాకెంతో ఇష్టమైన వివరం. నా వ్యాసంలో దానికెక్కడా చోటు దొరకలేదు. ఇక్కడైనా రాసుకోనివ్వండి.)

ఇప్పుడు నేను తిరగరాసిన మొదలు చూడండి:

“మా ఇంట్లో ఎవరైనా ఫ్యానాపి విసనకర్ర తీస్తే మా బాబాయి ‘లక్ష్మీపతి వచ్చాడ్రా’ అంటాడు. మా పిల్లలు ఆ సినిమా చూడలేదు, అయినా ఆ పేరుకి అర్థం తెలుసు. లక్ష్మీపతి వేలాడే కోడి వంక చూస్తాడు, వట్టి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, నమ్ముతాడు. పదిహేడేళ్ల తర్వాత కోటయ్య అనే ఇంకో పిసినారి ఒక శవం ముందు నిలబడి, నమ్మడం మానేస్తాడు. ఆ ఇద్దరి మధ్యలో ఉన్న నటుడు మొన్న జులైలో, 83 నిండిన మూడో రోజున వెళ్లిపోయారు.”

పేరు పరీక్ష పెట్టండి. ఇందులో కోట అన్న పేరే లేదు, అయినా ఇంకెవరి పేరూ అతకదు. చావు వార్త చివరి వాక్యంలోకి జరిగింది. మొదటి దాంట్లో అది మొదటి వాక్యం. ‘నమ్ముతాడు’, ‘నమ్మడం మానేస్తాడు’ అన్న రెండు ముక్కలు సౌండు తీసి చూసిన మూడోసారికి దొరికినవి. ఇందులో నాకింకా నచ్చనిదొకటుంది, ‘ఆ ఇద్దరి మధ్యలో ఉన్న నటుడు’ అన్నది కాస్త అతిగా పోయింది. మీరైతే ఎలా రాస్తారో చూడండి.

ఈ వారం పని. కోట కాకుండా, చనిపోయిన ఇంకో క్యారెక్టర్ ఆర్టిస్టుని ఎంచుకోండి. ఆయన వేసిన ఒకే రకం పాత్రలు రెండు, కనీసం పదేళ్ల తేడాతో వెతకండి. వెతకడానికే రెండు మూడు రోజులు పట్టొచ్చు, తొందరపడి దొరికినదానితో సరిపెట్టుకోకండి. ఒక్కో సీన్ మూడుసార్లు సౌండు లేకుండా, రెండుసార్లు బొమ్మ లేకుండా. తర్వాత అయిదు వాక్యాల మొదలు రాయండి, నటుడి పేరు లేకుండా. సినిమాలు బాగా చూసే ఒకరికి చదివి వినిపించి, ఎవరో చెప్పమనండి. చెప్పలేకపోతే సీన్ మళ్లీ చూడండి, వాక్యాలు దిద్దకండి.

వచ్చే పాఠం సూర్యకాంతం మీద. ఒకే రకం పాత్ర రెండుసార్లు కాదు, జీవితమంతా వేసినావిడ గురించి ఎలా రాయాలన్నది సమస్య. ఈలోగా ‘గుండమ్మ కథ’ ఒకసారి చూసి ఉంచుకోండి, ఈసారి సౌండుతోనే.