వెలిసిపోయిన ఫైబర్‌గ్లాస్ పడవకు మళ్లీ మెరుపు తేవడం ఎలా?

పడవ పక్కల్ని చేత్తో రాస్తే సుద్దలాంటి పొడి అంటుకుంటోందా? అది మురికి కాదు. ఎండకు, ఉప్పునీటికి చెడిపోయిన జెల్‌కోట్ పైపొర. ఫైబర్‌గ్లాస్ మీద రంగుతో ఉండే గట్టి రెసిన్ పూతే జెల్‌కోట్. దాన్ని తీయకుండా వ్యాక్స్ పట్టిస్తే కొన్నాళ్లు నిగనిగలాడి, మళ్లీ పాలిపోతుంది. ‘రుద్దే పని లేదు, పూస్తే చాలు’ అని అమ్మే అక్రిలిక్ పూతలతో ఇంకా ఇబ్బంది. తర్వాత పెచ్చులుగా లేస్తాయి, అప్పుడు ముందు వాటిని గీకడమే పెద్ద పని. మెరుపు వచ్చేది చెడిన పొర పోతేనే.

కావలసినవి: వేగం మార్చుకోగల రోటరీ బఫింగ్ మిషన్ (ప్యాడ్‌ను తిప్పుతూ మెరుగు పెట్టేది), ఊల్ ప్యాడ్, ఫోమ్ ప్యాడ్, 800, 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లు (తడిపి రుద్దే ఉప్పుకాగితం, నంబరు పెరిగేకొద్దీ నునుపు), రబ్బరు బ్లాకు, జెల్‌కోట్ కాంపౌండ్ (సన్నగా అరగదీసే పేస్టు), ఫినిషింగ్ పాలిష్, పేస్ట్ వ్యాక్స్, మాస్కింగ్ టేపు. పడవ నీడలో ఉండాలి. ఎండలో కాంపౌండ్ రుద్దకముందే ఎండిపోతుంది.

సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. పాత వ్యాక్స్‌ను వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి, గుడ్డ మడతలు మారుస్తూ. స్టిక్కర్లకు, రబ్బరు అంచులకు టేపు వేయండి.

ఇప్పుడు అడుగున్నర చదరంలో కాంపౌండ్ మాత్రమే వేసి బఫ్ చేసి చూడండి. మెరుపు వచ్చిందా, పేపరు జోలికి వెళ్లొద్దు. రాకపోతేనే తడి రుద్దుడు.

ఎక్కువ పడవలు పాడయ్యేది ఇక్కడే. జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు. రుద్దిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, తిరిగి రాదు. అందుకే 1000తో మొదలుపెట్టండి. అది సుద్దను కోయకపోతేనే 800కి దిగండి. 600 పేపరు తొందరపడేవాళ్ల ఎంపిక. దాని గీతలు పోగొట్టడానికే ఇంకొంత జెల్‌కోట్ ఖర్చవుతుంది.

పేపరును పావుగంట నీళ్లలో నానబెట్టి, బకెట్‌లో నాలుగు చుక్కల సబ్బు వేయండి. చదునైన చోట పేపరును బ్లాకుకు చుట్టే రుద్దాలి. వేళ్లతో నొక్కితే వేళ్ల కిందే ఎక్కువ అరిగి, మెరుపు వచ్చాక సన్నని గాడులు కనబడతాయి. బరువు వేయకండి, నీళ్లు ధారగా ఉంచండి. కాసేపటికోసారి పూర్తిగా తుడిచి ఆరనిచ్చి చూడండి, ఎందుకంటే తడిలో ఏ ఉపరితలమైనా బాగున్నట్టే కనబడుతుంది. అంతటా ఒకే రకం మసకదనం వస్తే ఆ నంబరు పని అయిపోయినట్టే.

తర్వాతి నంబరుతో అడ్డంగా, అంటే మునుపటి దిశకు లంబంగా రుద్దండి. పాత గీతలు మిగిలితే ఇట్టే తెలిసిపోతాయి. నంబరు మారినప్పుడల్లా బకెట్ నీళ్లు, బ్లాకు, పడవ మూడూ కడగాలి. మిగిలిపోయిన ఒక్క ముతక రేణువు పక్కంతా గీసేస్తుంది. ముదురు రంగు పడవకు 2000 దాకా వెళ్లాల్సిందే, తెల్లదానికి 1500 చాలు.

మూలలు, అంచులు, మడతల దగ్గర జెల్‌కోట్ మరీ పల్చన. అక్కడ ముందే టేపు వేసి, చివర్లో అది తీసి 1500తో రెండు మూడుసార్లు తేలిగ్గా రాయండి. రంగు పల్చబడినా, లోపలి ఫైబర్‌గ్లాస్ నేత నీడలా తేలినా వెంటనే ఆపాలి. ఆ తర్వాత ఏ పాలిష్ కాపాడదు, కొత్త జెల్‌కోట్ వేయాల్సిందే.

మిషన్ ప్లగ్ పెట్టేముందు నేల, పడవ ఆరాయో లేదో చూసుకోండి. ఊల్ ప్యాడ్‌తో కాంపౌండ్‌ను ముందు తక్కువ వేగంలో పరిచి, తర్వాత 1200 నుంచి 1500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య, వరుసలు సగం ఒకదానిపై ఒకటి పడేలా నడపండి. మిషన్ ఒకేచోట నిలిస్తే జెల్‌కోట్ కాలుతుంది. చేయి పెట్టినప్పుడు వేడిగా తగిలితే పక్కకు జరగండి. కాంపౌండ్ పేరుకుని ప్యాడ్ గట్టిపడితే బ్రష్‌తో దులపండి.

తర్వాత ఫోమ్ ప్యాడ్‌తో ఫినిషింగ్ పాలిష్. ఆపై పేస్ట్ వ్యాక్స్ రెండు పల్చని పూతలు, చేత్తోనే. ద్రవ వ్యాక్స్ త్వరగా పోతుంది. నీటిమట్టానికి కింద యాంటీఫౌలింగ్ పెయింట్ (నాచు, గుల్లలు పట్టకుండా ఆపేది) వేసే భాగానికి మాత్రం వ్యాక్స్ తగలనివ్వకండి, పెయింట్ పట్టదు.