నది, గుహ, కాలిబాట: యాత్రను మీరే వేసుకోండి – 3వ పాఠం: గంటల లెక్క

మొదటి పాఠంలో ఏ కాలంలో వెళ్లాలో, రెండో పాఠంలో ఎవరితో వెళ్లాలో తేల్చుకున్నాం. ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. రెండు రోజుల యాత్రను గంటలుగా పంచడం ఈ పాఠం. నమూనాగా గండికోట–బెలుం తీసుకుందాం: డిసెంబరు నెల, నలుగురు మనుషులు, ఒక కారు. కడప జిల్లాలోని గండికోట నుంచి నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు జమ్మలమడుగు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. నది, గుహ, బండల దారి మూడూ ఇంత దగ్గరగా దొరికే చోటు మనకు అరుదు.

దీనికి కారణం రాయే. గండికోట దగ్గర ఉన్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. అది నీటిలో కరగదు, పగుళ్ల వెంట దిమ్మెలుగా విడిపోతుంది. అందుకే పెన్నా అక్కడ నిలువు గోడల మధ్య పారుతుంది, మన కాలిబాట బండ మీంచి బండ మీదికి సాగుతుంది. బెలుం దగ్గర ఉన్నది సున్నపురాయి. అది నీటికి కరుగుతుంది కాబట్టి లోపల సొరంగాలు ఏర్పడ్డాయి. ఒకచోట జారిపడతామన్న భయం, ఇంకోచోట ఉక్కపోత. ఈ రెండు ఇబ్బందులూ వేరు కాబట్టి వాటికి కేటాయించే గంటలూ వేరు.

మొదటి మెట్టు: కదలని గంటలు రాయండి

మన చేతిలో లేని వేళలు ముందు కాగితమెక్కాలి. డిసెంబరులో అక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, సూర్యాస్తమయం ఆరుకు కాస్త ముందు. ఆ తర్వాత వెలుతురు ఉండేది ఇరవై నిమిషాలే. బెలుం గుహలు సాధారణంగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు తెరిచి ఉంటాయి. బయలుదేరే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. భోజనం, షాపింగ్, ఫొటోలు ఇవన్నీ కదిలేవి, మిగిలిన ఖాళీల్లో సర్దుకుంటాయి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. హోటల్ టిఫిన్ వేళకు ప్లాన్ మొదలుపెట్టి, ఎండ నెత్తి మీదికొచ్చాక లోయ అంచుకు చేరతారు.

రెండో మెట్టు: నడకకు అసలు వేగం

ఫోన్ మ్యాప్ గంటకు ఐదు కిలోమీటర్ల లెక్కన సమయం చూపిస్తుంది. అది రోడ్డు నడక. బండల దారికి గంటకు రెండు కిలోమీటర్లు వేసుకోండి. పిల్లలుంటే ఒకటిన్నర. కోట లోపల మాధవరాయ ఆలయం, ధాన్యాగారం, జామియా మసీదు చూసుకుంటూ లోయ అంచుకు చేరడానికి మ్యాప్ ఎంత తక్కువ చూపించినా రెండు గంటలు పెట్టండి. మొదటి రోజు మధ్యాహ్నం మూడుకు కోట గుమ్మంలో అడుగుపెడితే ఐదుకు అంచు దగ్గర ఉంటారు. ఐదున్నరకు వెనక్కి తిరగాలి. ఈ అంకెను కాగితం మీద గుండ్రంగా చుట్టండి, ఫోన్‌లో అలారం పెట్టండి. "ఇంకో ఫొటో" అన్న మాటకు అలారం ఒక్కటే జవాబు.

అంచు దగ్గర లోతు దాదాపు 300 అడుగులు. కంచె ఉంటుందని అనుకోవద్దు. బండ మీద సన్నటి ఇసుక పొర ఉందేమో అరికాలితో రుద్ది చూడండి. గరగరమంటే ఆ బండ మీద బూటు నిలవదు, పక్క బండ చూసుకోవాలి. పూర్తి బరువు వేసే ముందు ఒక కాలితో నొక్కి, అది కదలదని తేలాకే రెండో కాలు ఎత్తాలి. తెల్లవారుజామున మంచు పడిన బండకు మరింత జాగ్రత్త కావాలి. అరిగిపోయిన స్పోర్ట్స్ షూ కంటే గట్టి పట్టున్న మామూలు బూటు మేలు. చెప్పులు మాత్రం వద్దు.

నీళ్లలోకి దిగడం ఈ ప్లాన్‌లో లేదు, ఉండకూడదు కూడా. గండికోటకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. ఆకాశం నిర్మలంగా ఉన్నా పైన గేట్లు ఎత్తితే కింద మట్టం పెరుగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వర్షాలకు పెన్నా పొంగుతుంది. నది ఎంత నెమ్మదిగా కనిపించినా దాన్ని అంచు మీంచే చూడండి.

మూడో మెట్టు: గుహకు ఏ గంట?

రెండో రోజు తెల్లవారుజామున లోయ దగ్గర సూర్యోదయం చూసి, ఎనిమిదికల్లా టిఫిన్ ముగించి, ఎనిమిదిన్నరకు బండెక్కండి. రోడ్డుకు గంటన్నర. గేటు తెరిచే వేళకు బెలుం చేరతారు. ఇంత పట్టుగా ఎందుకంటే, బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున్నా మనం తిరగగలిగేది ఒకటిన్నర కిలోమీటర్లే. జనం పెరిగే కొద్దీ ఇరుకు దారుల్లో గాలి బరువెక్కుతుంది. గొట్టాల ద్వారా బయటి గాలి పంపుతారు, అయినా ఉక్క తప్పదు. గుహలో వేడి ఏడాది పొడవునా ఒకేలా, ఆ ప్రాంతపు సగటుకు దగ్గరగా ఉంటుంది. తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరనప్పుడు ఒళ్లు చల్లబడదు. ఎండ లేకపోయినా మనిషి నీరసపడేది ఇందుకే. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. లోపలికి వెళ్లినా వెడల్పాటి మండపాల వరకే పరిమితం కావడం మంచిది.

లోపలికి గంటన్నర కేటాయించండి. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, పాతాళగంగ తొందర లేకుండా చూడవచ్చు. పాతాళగంగ అన్నిటికన్నా లోతు, సుమారు 150 అడుగులు. అక్కడ మెట్లు తడిగా ఉంటాయి, చేయి ఖాళీగా ఉండాలి. అందుకే ఫోన్ టార్చ్ పనికిరాదు. తలకు కట్టుకునే లైటు ఒకటి ఉంటే కరెంటు పోయినా ఇబ్బంది లేదు. ఇరుకులో బ్యాగును వీపు మీంచి ఛాతీ మీదికి మార్చుకోండి, రాళ్లకు తగలదు.

నీళ్ల లెక్క

నడకకు మనిషికి గంటకు అర లీటరు, గుహకు మనిషికి ఒక లీటరు. వంటా, కడుగుడూ కాకుండా తాగడానికే మనిషికి రోజుకు మూడు లీటర్లు. నలుగురికి రెండు రోజులకు 24 లీటర్లు. అంటే ఒక 20 లీటర్ల క్యాన్, పైన నాలుగు లీటరు సీసాలు. జమ్మలమడుగులోనే నింపుకోండి, కోటలో దుకాణం మీద ఆధారపడవద్దు. ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్‌ను అర లీటరు సీసాలో మొత్తం కలపడం తరచూ జరిగే పొరపాటు. ఉప్పు రెట్టింపై దాహం, వాంతులు ఎక్కువవుతాయి. లీటరు ప్యాకెట్‌కు లీటరు నీళ్లే.

మూడో చోటు

రెండో రోజు మధ్యాహ్నం ఇంకో చోటు చేర్చాలని అందరికీ ఉంటుంది. ఏది దగ్గరన్న ప్రశ్న వద్దు. ఏది ఇంటి దారిలో ఉందో చూడండి. హైదరాబాదు వైపు తిరుగు ప్రయాణమైతే బనగానపల్లె మీదుగా యాగంటి. బెంగళూరు వైపైతే తాడిపత్రి, అక్కడ పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం. రెండూ కలిపితే చీకట్లో డ్రైవింగే మిగులుతుంది.

అభ్యాసం

ఇదే యాత్రను ఏప్రిల్‌కు, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మమ్మ, ఆరేళ్ల పిల్లవాడితో మళ్లీ వేయండి. వేసిన కాగితంలో మూడు చూసుకోండి: ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఎవరూ బండల మీద లేరా? నీళ్లు మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లకు పెరిగాయా? మిగతావాళ్లు గుహ తిరిగే గంటన్నరా అమ్మమ్మ ఎక్కడ, ఎవరి తోడుతో, ఏ నీడన కూర్చుంటుందో రాశారా? మూడోది ఖాళీగా ఉంటే ప్లాన్ పూర్తి కాలేదు. నాలుగో పాఠంలో ఈ కాగితం పట్టుకునే బ్యాగు సర్దుతాం.