కొత్త చక్రాలు వేశాక కారు లాగడం లేదా? ఇంజిన్ విప్పించే ముందు ఇవి చూడండి

చక్రాలు మార్చిన వారం పది రోజులకు కారు తెచ్చి "ఇంజిన్‌లో ఏదో తేడా వచ్చిందండీ" అనేవాళ్లను ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఇంజిన్‌లో ఏమీ రాలేదు. తేడా వచ్చింది కింద. డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. ఆ కారుకు ఏ కొలత టైరు వేయాలో, ఎంత గాలి కొట్టాలో దాని మీద రాసి ఉంటుంది. ముందు దాన్ని చదివి, ఆ తర్వాత వేసి ఉన్న టైరు మీది అంకెలు చదివితే సగం గొడవ అక్కడే తేలిపోతుంది. రెండూ చదవకుండానే స్పార్క్ ప్లగ్గులు మార్పించుకుని వస్తారు.

జాకీ వేయడం, నట్లు విప్పడం, గాలి చూసుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఉదాహరణలు మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే మారుతి చిన్న కార్లవి. లెక్క మాత్రం ఏ కారుకైనా ఒకటే.

లక్షణం: 80 దాటగానే స్టీరింగు వణుకుతోంది

"మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, తగ్గలేదు" అంటారు. చక్రం విప్పి లోపలి వైపు చూశారా అని అడిగితే సమాధానం ఉండదు. వానాకాలంలో చేను దారిలో ఒక్కసారి వెళ్లి వస్తే చాలు, నల్లరేగడి మట్టి రిమ్ము లోపల ఒక పక్కనే గడ్డకట్టి ఇటుకలా ఎండిపోతుంది. పుల్లతో గీకి, నీళ్లు కొట్టండి. వణుకు పోతే అక్కడితో సరి.

పోకపోతే నడిమి రంధ్రం కొలవండి. మారుతి చిన్న కార్ల హబ్ 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ చక్రం దాని మీద గాజు తొడిగినట్టు కూర్చుంటుంది. బయట అమ్మే అల్లాయ్ చక్రాల్లో చాలావాటికి ఈ రంధ్రం 67.1 గానీ 73.1 గానీ ఉంటుంది, ఎందుకంటే ఒకే చక్రాన్ని పది రకాల కార్లకు అమ్మాలి కదా. ఆ ఖాళీలో రింగు వేయకపోతే చక్రాన్ని మధ్యలో నిలబెట్టే పని నాలుగు నట్ల మీదే పడుతుంది. బ్యాలెన్సింగ్ యంత్రం మీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది, కారుకు బిగించాక వణుకుతుంది. సరైన కొలత హబ్ రింగులు వేయించి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. మారుతి నట్టు మర 12×1.25, హ్యుందాయ్‌ది 12×1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. అక్కడ నట్లు బిగించే గన్ను పెట్టి బిగించేస్తే బోల్టే పోతుంది.

లక్షణం: చిన్న గుంతలో పడినా నడుము దాకా తగులుతోంది

గాలి ఎక్కువ కొట్టలేదు కదా? సరే. అయితే రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, టైరు గోడ పొట్టిదైపోవడం. టైరు మీద 155/80 ఆర్13 అని ఉంటే 155 వెడల్పు మిల్లీమీటర్లలో, గోడ ఎత్తు అందులో 80 శాతం, 13 రిమ్ము అంగుళాలు. అంటే గోడ ఎత్తు 124 మిల్లీమీటర్లు. 185/55 ఆర్15 అయితే 102కు కాస్త తక్కువ. గుంత దెబ్బను ముందు తినాల్సిన రబ్బరు రెండు సెంటీమీటర్లకు పైగా తగ్గిపోయింది.

రెండోది బరువు. "అల్లాయ్ అంటే తేలిక కదండీ" అని కొనేవాళ్లు ఒక్కసారి కాటా మీద పెట్టి చూడరు. అదే కొలతలో అయితే అల్లాయ్ కొంత తేలికగా ఉండొచ్చు. 13 అంగుళాల ఇనుప రిమ్ము తీసి, వెడల్పైన 15 లేదా 16 అంగుళాల పోత అల్లాయ్ వేస్తే ఆ లాభం పోయి నష్టమే మిగులుతుంది. మా షాపు పక్కన ఎరువుల దుకాణం కాటా ఉంది, అందరి చక్రాలూ అక్కడికే దొర్లించుకుని వెళ్తాను. ఇంట్లో అయితే బరువు చూసుకునే యంత్రం మీద మీరు నిలబడి ఒకసారి, చక్రం ఎత్తుకుని నిలబడి ఒకసారి చూసి తేడా తీసుకోండి. చక్రం బరువు స్ప్రింగుకు కింద ఉంటుంది కాబట్టి గుంత వచ్చినప్పుడు ఆ బరువంతా పైకి ఎగిరి మళ్లీ కిందపడాలి. షాక్ అబ్జార్బర్ దాన్ని ఆపలేకపోతే ఆ దెబ్బ మీకు తగులుతుంది. ఒక్కో చక్రానికి ఒకటి రెండు కిలోలు పెరిగితే సర్దుకోవచ్చు. నాలుగైదు కిలోలు పెరిగితే ఆ చక్రాలు అమ్మేయడమే మందు. షాక్ అబ్జార్బర్లు మార్చి డబ్బు పోగొట్టుకోకండి.

లక్షణం: మైలేజీ పడిపోయింది, పికప్ లేదు

నన్ను ఏడిపించింది ఇదే. నకిరేకల్ నుంచి ఒక మాస్టారు వ్యాగన్ ఆర్ తెచ్చారు, 1.0 లీటరు ఇంజినుది. 20 ఇచ్చే బండి 18కి వచ్చిందనీ, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మూడో గేరులో లాగడం లేదనీ చెప్పారు. ఎయిర్ ఫిల్టరు మార్చాను. ఇంజినుకు గాలి వదిలే థ్రాటిల్ శుభ్రం చేశాను. బ్రేకు పట్టేస్తోందేమోనని నాలుగు చక్రాలూ ఎత్తి చేత్తో తిప్పాను, బొంగరాల్లా తిరిగాయి. రెండు రోజులు పోయాయి. మూడో రోజు టీ తాగుతూ కారు పక్కన కూర్చుంటే టైరు మీది అంకెలు కంటికి ఎదురుగా ఉన్నాయి: 175/65 ఆర్15. నేను అందరికీ చెప్పే స్టిక్కరు ముచ్చట నేనే మరిచిపోయాను.

ఎవరో కొత్త డిజైను వేసుకుని తీసేసిన మారుతి ఇగ్నిస్ కారు చక్రాలు అవి. మాస్టారు టైర్లతో సహా కొన్నారు, టైర్లు కొత్తవి. మోసం ఎక్కడుందో చూడండి. అదే కంపెనీ, అవే నాలుగు బోల్టులు, నడిమి రంధ్రం కూడా సరిపోయింది. వణుకు లేదు, ఎక్కడా రాసుకోవడం లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. అనుమానం రావడానికి ఒక్క ఆనవాలు లేదు.

ఇప్పుడు లెక్క. టైరు వెడల్పును శాతంతో గుణిస్తే గోడ ఎత్తు వస్తుంది. దాన్ని రెండింతలు చేసి, రిమ్ము అంగుళాలను 25.4తో గుణించి కలపాలి. ఆ కారు స్టిక్కరు మీదున్న 155/80 ఆర్13కు 248, 330.2 కలిపి 578.2 మిల్లీమీటర్లు. 175/65 ఆర్15కు 227.5, 381 కలిపి 608.5. అంటే చక్రం మొత్తం వ్యాసం 5 శాతానికి పైగా పెరిగింది. ఒక చుట్టుకు దాదాపు పది సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు. అది చుట్లనే లెక్కపెడుతుంది.

నమ్మకం కుదరాలని ఇద్దరం జాతీయ రహదారి 65 ఎక్కి, ఒక కిలోమీటరు రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి ఇరవై రాళ్లు దాటాం. మీటరు 19.0 దగ్గర ఆగింది. ఒక కిలోమీటరు గాలిలో కలిసిపోయింది. పెట్రోలు మాత్రం ఇరవైకీ కాలింది.

ఇంకో మెలిక ఉంది. మాస్టారింట్లో పాత చక్రాలు అలాగే ఉన్నాయి, వాటిని తెప్పించి వేసి అదే దారిలో మళ్లీ వెళ్లాం. ఈసారి మీటరు 20.4 చూపింది! పాత టైర్లు బాగా అరిగిపోయాయి మరి. కొత్త టైరుకు, గాళ్లు అడుగంటిన టైరుకు వ్యాసంలో ఒక సెంటీమీటరు దాకా తేడా ఉంటుంది, చిన్న చక్రం మీద అది 2 శాతం. కాబట్టి ఆయన చెప్పిన 20 కూడా నిజం కాదు, అది 19.6. ఇప్పటి 18 కూడా నిజం కాదు, అది దాదాపు 19. రెండు కిలోమీటర్లు పోయాయనుకున్న చోట నిజంగా పోయింది అరకిలోమీటరుకు కాస్త ఎక్కువ. దాని కోసం నేను థ్రాటిల్ విప్పాను.

మరి పికప్? అది మాత్రం భ్రమ కాదు. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ 5 శాతం బరువెక్కుతుంది, రోడ్డును తోసే బలం అంత మేరకు తగ్గుతుంది. ఇక్కడే అందరూ బరువును తిడతారు. ఆ చక్రాలు కాటా మీద ఒక్కొక్కటి రెండున్నర కిలోలు ఎక్కువ తూగాయి, నాలుగింటికి పది. తిరిగే బరువు కాబట్టి వేగం పెంచేటప్పుడు ఒకటికి రెండు లెక్క వేసుకున్నా ఇరవై కిలోలు. డిక్కీలో చిన్న బియ్యం బస్తా వేసినంత. దానికే మూడో గేరు చచ్చిపోదు. బరువు చేసే అసలు కీడు గుంతల్లో కనిపిస్తుంది. పికప్‌ను తినేది వ్యాసం. ఈ రెండింటినీ కలిపేసి, "తేలిక చక్రాలు" అని మళ్లీ అదే వ్యాసంలో ఎక్కువ ధర పెట్టి కొన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల బండి ఇప్పటికీ లాగడం లేదు.

స్పీడోమీటరు సంగతి కూడా గుర్తుంచుకోండి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అది సాధారణంగా అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపుతుంది. పెద్ద చక్రం వేస్తే ఆ జాగ్రత్త కరిగిపోతుంది. ఫోన్‌లో జీపీఎస్ వేగం పెట్టుకుని ఒకసారి పోల్చి చూడండి. సర్వీసు కూడా వెనకబడుతుంది: మీటరు మీద 10,000 వచ్చేసరికి ఇంజిను 10,500 తిరిగేసి ఉంటుంది.

పరిష్కారం సులువే. అంగుళం పెంచితే గోడ తగ్గించాలి, మొత్తం వ్యాసం 2 శాతం దాటి కదలకూడదు. కంపెనీ వాళ్లు చేసేది చూడండి. స్విఫ్ట్‌లో కింది మోడళ్లకు 165/80 ఆర్14, పై మోడళ్లకు 185/65 ఆర్15 ఇచ్చారు. లెక్క వేస్తే 619.6, 621.5. రెండు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు. వ్యాగన్ ఆర్ 1.2 లీటరు మోడల్‌కు ఇచ్చిన 165/70 ఆర్14 అయితే 586.6, అంటే ఒకటిన్నర శాతం ఎక్కువ. మాస్టారికి అదే వేయించాను. ఆ పై మోడల్ కొలతే మీకు కూడా మొదటి ఎంపిక. టైరు కొనేటప్పుడు కొలత పక్కనుండే బరువు అంకె పాతదాని కంటే తగ్గకుండా చూసుకోండి. 79 అంటే ఒక టైరు 437 కిలోలు మోయగలదు, 82 అంటే 475.

లక్షణం: నలుగురు ఎక్కితే, లేదా స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు రాసుకుంటోంది

రిమ్ము వెడల్పు ఎక్కువ, లేదా చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే ఈటీ అంకె తక్కువ, లేదా రెండూ. ఈటీ తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది. పాత రిమ్ము లోపల ఈ రెండు అంకెలు పోత పోసి గానీ గుద్ది గానీ ఉంటాయి, కొత్తదాంతో పోల్చండి. మడ్‌గార్డు అంచును సుత్తితో మడవమనేవాళ్లున్నారు. వద్దు, అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. చక్రం వెనక్కి ఇచ్చేయండి.

మిగిలినవి

రిమ్ము వంగిపోవడం, హబ్ బేరింగు మోత, ఏబీఎస్ దీపం వెలగడం లాంటివి ఉంటాయి, కానీ నా దగ్గరికి వచ్చేవాటిలో అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

స్టెప్నీ మాత్రం మరవకండి. నాలుగు చక్రాలూ 15 చేసి డిక్కీలో పాత 13 ఉంచుకుంటారు. ముందు చక్రం పంక్చరైతే ఆ పాత 13ను ముందు వేయకండి. రెండు ముందు చక్రాల వ్యాసం తేడాగా ఉంటే గేరుబాక్సులో ఆ రెండింటికీ ఇంజిను బలం పంచే డిఫరెన్షియల్ ఆగకుండా అరుగుతూనే ఉంటుంది. వెనక నుంచి ఒకటి తీసి ముందుకు వేసి, స్టెప్నీని వెనక బిగించి, నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా వెళ్లండి. రెండుసార్లు జాకీ వేయాలని విసుక్కుంటారు, తెలుసు.