కారు మార్చే ముందు ఒక నెల మీటరు రాయండి

పెట్రోల్ కారు అమ్మేసి ఎలక్ట్రిక్ కారు కొందామనుకునే మన శ్రీకాకుళం వాళ్లకి ఒక చిట్కా. షోరూమ్‌కి వెళ్లే ముందు ఒక నెలపాటు రోజూ రాత్రి కారు మీటరు చూసి, ఆ రోజు తిరిగిన కిలోమీటర్లు క్యాలెండర్ మీద రాయండి. నేను రాశాను. 40 దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా దాదాపు అన్నీ వైజాగ్ ప్రయాణాలే. అక్కడికి వెళ్లి రావడమంటే 200 కిలోమీటర్ల పైమాటే కదా. ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే 300 కిలోమీటర్లు వెళ్తుందని కంపెనీ కాగితం మీద ఉన్నా, హైవే మీద ఏసీ వేసుకుని వేగంగా వెళ్తే అందులో మూడో వంతు పోయిందనే లెక్క వేసుకోండి. అప్పుడు టెన్షన్ ఉండదు.

తర్వాత ఇంటి కరెంటు. 16 యాంప్స్ పవర్ ప్లగ్ నుంచి గంటకి సుమారు మూడు యూనిట్లు ఎక్కుతాయి. 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే రాత్రంతా పడుతుంది. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా కార్లు అసలు చార్జింగే తీసుకోవు. మా పాత ఇంట్లో ఎర్త్ వైరు పేరుకే ఉంది! కొనకముందే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. నెల యూనిట్లు పెరిగితే బిల్లు పై శ్లాబులోకి వెళ్తుంది, అదీ లెక్కలో కలపాలి.

ఇంకొకటి, తుఫాన్లు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే బ్యాటరీ నింపి పెట్టుకోండి. ఇంట్లో పెట్రోల్ స్కూటర్ ఉంటే దాన్ని మాత్రం ఇప్పుడే అమ్మొద్దు.