జావెలిన్ చూసేటప్పుడు పక్కన ఒక కాగితం

ఒలింపిక్స్‌లో జావెలిన్ ఫైనల్ ఇంటిల్లిపాదీ చూసేటప్పుడు టీవీ పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. ప్రతి విసురు దూరం రాసే పని పిల్లలకు అప్పగించండి. 2024 పారిస్‌లో అందరికీ మొదట మూడు విసుర్లు, ముందున్న ఎనిమిది మందికి మరో మూడు ఉండేవి; ఒక్కొక్కరి విసుర్లలో అన్నిటికన్నా దూరం వెళ్లినదే లెక్క. ఈ ముక్క పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. నేను చెప్పలేదు. ఆ పారిస్ ఫైనల్లో నీరజ్ చోప్రా విసుర్లు ఆరింటిలో అయిదు ఫౌల్, అంటే లెక్కకు రానివి. మా నాయనమ్మ మధ్యలోనే “ఓడిపోయాడు పాపం” అని వెళ్లి పడుకుంది. రెండో విసురు 89.45 మీటర్లే అతనికి రజతం తెచ్చింది. కాగితం మీద ఆ అంకె కనబడి ఉంటే కూర్చునేదే. అన్నట్టు, ఫోన్లు పక్క గదిలో పెట్టండి. ఆన్‌లైన్ ప్రసారం కాస్త వెనకబడి వస్తుంది, ఫలితం సందేశాల్లో ముందే తెలిసిపోతుంది.